భుజం తగలగానే పడిపోతున్న పిల్లలు: ముందు చూడాల్సింది కాళ్లు

సమస్య: ఫుట్‌బాల్ ఆటలో బంతి కోసం ఇద్దరు పరుగెత్తుతారు. భుజం భుజానికి తగలగానే మనవాడు పక్కకు పడతాడు, బంతి అవతలివాడికి దక్కుతుంది.

"పిరికివాడు సార్", "అన్నం సరిగా తినడు సార్" అని గట్టు మీది పెద్దల తీర్పులు. వాటిని పక్కన పెట్టి మోకాళ్లు చూడండి. కర్రల్లా నిటారుగా ఉన్నాయా? కబడ్డీలో రైడర్ మీదికి వచ్చినప్పుడు ఎలా నిలబడతారో అలా నిలబడమనండి. మన తిరుపతి పిల్లలకు అంతకంటే చెప్పక్కర్లేదు, నడుము దానంతటదే దిగుతుంది. ఈ ఒక్కటి చూడకుండానే నా దగ్గరికి తీసుకొచ్చేవాళ్లు ఎంతమందో!

మోకాళ్లు వంగినా పడుతున్నాడంటే అసలు దొంగ వేరే ఉన్నాడు. వాడి చేతిలో నేనూ మోసపోయాను. ఎస్వీ విశ్వవిద్యాలయం మైదానంలో ఒక పన్నెండేళ్ల కుర్రవాడికి బలం చాలడం లేదనుకొని రెండు నెలలు దండీలు, బస్కీలు తీయించాను. భుజాలు గట్టిపడ్డాయి, పడటం మాత్రం మానలేదు. ఒకరోజు బంతి ఏరుకోవడానికి వంగినప్పుడు వాడి పాదాలు కంటపడ్డాయి. సరిగ్గా భుజం తగిలే క్షణానికి, బంతిని అందుకోవాలన్న తొందరలో, అవతలివాడి వైపు కాలు గాలిలో చాచి ఉంది. ఒంటికాలి మీద ఉన్నవాడు చిటికెన వేలితో నెట్టినా పడతాడు! అన్నాళ్లూ నేను భుజాన్నే చూస్తున్నాను.

పరిష్కారం: ఇద్దరినీ భుజాలు ఆనించి నిలబెట్టి, బంతిని ఐదు మీటర్లు ముందుకు దొర్లించండి. షరతు ఒకటే: అవతలివాడికీ బంతికీ నడుమ కాలు మోపిన తర్వాతే బంతిని తాకాలి. మొదట నడుస్తూ, కుదిరాక పరుగెత్తుతూ. పిల్లలు షరతు మరిచి బంతిని తన్నేస్తారు. మళ్లీ మొదటి నుంచి చేయించండి, జాలి పడకండి. ఇది వచ్చాక అదే గుట్టు అవతలివాడి మీద వాడమనండి: వాడి బరువు దూరపు కాలి మీద పడినప్పుడు భుజం ఆనిస్తే కొద్దిపాటి తాకిడికే పక్కకు జరుగుతాడు.

సమస్య: బంతి గెలుస్తున్నాడు, కానీ ప్రతిసారీ రెఫరీ ఈల.

కారణం చేతులు. బంతి ఆడగల దూరంలో ఉండగా భుజంతో భుజాన్ని ఆనించడాన్ని ఆట నియమాల్లో 12వది ఒప్పుకుంటుంది, మోటుగా గుద్దనంతవరకు. అరచేతితో నెట్టినా, పట్టి ఆపినా అవతలి జట్టుకు డైరెక్ట్ ఫ్రీకిక్, అంటే నేరుగా గోలుకే కొట్టగల తన్ను. సాధనలో ఒక వారం తమ చొక్కా అంచును తామే పట్టుకొని ఆడమనండి.

ఎత్తు తేడా, బూట్లు జారడం లాంటివి నూటికి ఒకటీ అరా. పదేళ్లవాడికి పెద్దవాళ్లు ఆడే ఐదో నంబరు బంతి ఇచ్చి ఉంటే, దానికంటే చిన్నదైన నాలుగో నంబరుది ఇవ్వండి.