నీటి స్తంభాన్ని కంపింపజేసి బుడగల నుంచి ఎక్కువ ఆక్సిజన్ కరిగించడం ఎలా?

వరంగల్, హనుమకొండ ప్రాంతాల విద్యార్థుల ఏరేషన్ (నీటిలోకి గాలి పంపడం) ప్రాజెక్టులలో నీటికి ఆక్సిజన్ చాలకపోతే వెంటనే పెద్ద పంపు తెచ్చి పెడతారు. గాలి ఎక్కువైతే బుడగలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి, ఆక్సిజన్‌ను నీటికి పెద్దగా ఇవ్వకుండానే పైకి పోతాయి. అంతే గాలిని సగం వ్యాసం గల బుడగలుగా చీలిస్తే నీటిని తాకే ఉపరితలం రెట్టింపవుతుంది. నిలువు కంపనం బుడగలను చీల్చడమే కాక వాటి వేగాన్ని తగ్గించి, నీటిలో ఎక్కువసేపు నిలుపుతుంది.

5 సెం.మీ. వ్యాసం, ఒక మీటరు పొడవు గల అక్రిలిక్ గొట్టం, దాని అడుగున బిగించిన రబ్బరు పొర, ఆ పొరను కింది నుంచి ఒక్కో మిల్లీమీటరు పైకీ కిందికీ కదిపే ఎక్సెంట్రిక్ షాఫ్టు (కేంద్రం తప్పి తిరిగే ఇరుసు), వేగం మార్చగల మోటారు, అక్వేరియం పంపు, గాలి ప్రవాహాన్ని కొలిచే రోటామీటరు, నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను కొలిచే డీవో మీటరు ఉంటే చాలు. గాలి గొట్టం చివర పెట్టే సన్నని రంధ్రాల ఎయిర్ స్టోన్ వాడకూడదు. అది ముందే సన్నని బుడగలను ఇస్తుంది కాబట్టి కంపనం చేసిన మేలు తెలియదు. గొట్టాన్ని సబ్బుతో కడగకూడదు.

నీరు అర మీటరు ఎత్తు పోసి, ప్రతి మిల్లీగ్రాము ఆక్సిజన్‌కు సుమారు 8 మి.గ్రా. చొప్పున సోడియం సల్ఫైట్‌ను, ఆ చర్యను వేగవంతం చేసే కోబాల్ట్ క్లోరైడ్‌ను లేశమాత్రం కలిపి, నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్‌ను తీసివేయాలి. తరువాత కంపనం లేకుండా గాలి వదిలి, ఆక్సిజన్ సంతృప్త స్థాయిలో (నీరు గాలి నుంచి కరిగించుకోగల గరిష్ఠం) 20 శాతం నుంచి 80 శాతానికి చేరడానికి పట్టిన కాలాన్ని రాసుకోవాలి. 30 డిగ్రీల వద్ద ఆ స్థాయి లీటరుకు సుమారు 7.5 మి.గ్రా.; మన ఎండాకాలపు ట్యాంకు నీటిలో ఇంకా తక్కువ. అందుకే కంపనం లేని ఈ పరీక్ష, తరువాత కంపనంతో చేసే పరీక్ష రెండూ ఒకే ఉష్ణోగ్రత వద్ద జరగాలి.

అసలు చిక్కు కంపనం పెంచడంలోనే ఉంది. మోటారును ఒక్కసారిగా తిప్పకూడదు. నిమిషానికి 300 చుట్లతో మొదలుపెట్టి, 50 చొప్పున పెంచుతూ, ప్రతి మెట్టు వద్ద బుడగలు స్థిరపడేదాకా ఆగాలి. మామూలు నీటిలో సెకనుకు సుమారు 1500 మీటర్లుండే ధ్వని వేగం, 5 శాతం గాలి కలిసిన నీటిలో 50 మీటర్ల దరిదాపుకు పడిపోతుంది. బుడగల నీరు స్ప్రింగులా మారి, అర మీటరు స్తంభపు అనునాదం (కంపనం అత్యధికంగా పెరిగే వేగం) మోటారు అందుకోగల వేగంలోకే వచ్చేస్తుంది. గాలి ప్రవాహం గానీ నీటి మట్టం గానీ కొంచెం మారినా ఆ అనునాదం చోటు మారుతుంది. కాబట్టి రోటామీటరును ఒకసారి అమర్చాక ముట్టుకోకూడదు.

కొన్ని బుడగలు పైకి పోకుండా తడబడుతూ నిలిచాయంటే సరైన చోటికి వచ్చినట్లే. నీటి పైతలం చిమ్మడం మొదలైతే మాత్రం వేగం తగ్గించాలి. మిల్లీమీటరు కదలికకు నిమిషానికి 950 చుట్లు దాటితే పొర త్వరణం గురుత్వాన్ని మించుతుంది. అప్పుడు నీరు పైనున్న గాలిని మింగుతుంది. ఆ ఆక్సిజన్‌ను బుడగల ఖాతాలో రాసుకునేవారే ఎక్కువ. పంపు ఆపి కంపనం ఒక్కటే నడిపితే పైతలం వాటా స్థూలంగానైనా తెలుస్తుంది.

అల్ట్రాసోనిక్ క్లీనర్ వాడదామనే సలహా తరచూ వినిపిస్తుంది. అది కరిగిన వాయువును బయటకు తోసే సాధనం, ఇక్కడ దానికి పని లేదు.

డీవో మీటరు ప్రోబును (నీటిలో ముంచే కొలత కడ్డీని) గొట్టానికి తాకకుండా వేరే స్టాండు నుంచి వాలుగా వేలాడదీసి, కంపనంతో పరీక్ష మళ్లీ చేయాలి. మొదటి కాలాన్ని రెండవ కాలంతో భాగిస్తే బదిలీ ఎన్ని రెట్లు పెరిగిందో వస్తుంది. కోబాల్ట్ కలిసిన ఆ నీటిని చెరువులోకి గానీ చేపల తొట్టెలోకి గానీ వదలకూడదు.