విడిపోయిన ప్రేమపై తక్కువ ఖర్చుతో హాస్యచిత్రం తీయడం ఎలా

మాజీ ప్రియురాలిని మరచిపోలేని యువకుడి కథను స్వతంత్రంగా తీయదలచినవారు, ముందుగా తమ చేతిలో ఉన్నవేమిటో చూసుకుని, ఆ తరువాతే కథ రాసుకోవడం మంచిది. అద్దె లేకుండా దొరికే ఒక ఇల్లు, నలుగురు నటులు చాలు. స్క్రిప్టులో ఒక పేజీ తెరపై సుమారు ఒక నిమిషమవుతుంది కనుక, 90 పేజీల కథను రోజుకు 5 పేజీల చొప్పున 18 రోజుల్లో చిత్రీకరించవచ్చు.

ఆమెను కించపరచి నవ్వించాలని చూడకండి. నవ్వు అతని మొండితనం నుంచే పుట్టాలి. ఉదాహరణకు, పంపనని ఒట్టు పెట్టుకున్న సందేశాన్ని అతడు టైపు చేసి, చెరిపి, మళ్లీ టైపు చేస్తుండగా, పక్కన పడుకున్న మిత్రుడు కళ్లు తెరవకుండానే చేయి చాచి ఫోను లాక్కుంటాడు. దీనికి ఒక మంచం, ఒక ఫోను తప్ప మరేమీ అక్కరలేదు. ఇద్దరూ కనిపించేలా ఒకే షాటులో తీయండి. మాటిమాటికీ కట్ చేస్తే నటుల టైమింగు దెబ్బతింటుంది.

డబ్బు మిగిలితే కెమెరాకు కాక శబ్దానికి వెచ్చించండి. బొమ్మ కాస్త మసకగా ఉన్నా ప్రేక్షకుడు సర్దుకుంటాడు గాని, మాట వినబడకపోతే హాస్యమే పోతుంది. ప్రతి గదిలోనూ అందరూ మౌనంగా ఉండగా 30 సెకన్ల నిశ్శబ్దాన్ని రికార్డు చేసుకుని, ఎడిటింగులో దాన్ని మాటల మధ్య ఖాళీల్లో నింపితే అతుకులు తెలియవు. ఇతరుల పాటలను హక్కులు పొందకుండా వాడరాదు.

తొలి కూర్పు పూర్తయ్యాక కథ తెలియని పదిమందికి చూపించి, వారు నవ్వని చోట్లను రాసుకుని, నిర్దాక్షిణ్యంగా కత్తిరించండి.