విండోస్ 11 వేశాక సిస్టమ్ ఆన్ అవ్వడానికి యుగాలు పడుతోందా?

2025 అక్టోబరులో విండోస్ 10కి సపోర్ట్ ఆగిపోయాక చాలామంది పాత ల్యాప్‌టాప్‌లోనే 11కి మారారు. మొదట్లో ఒకట్రెండు రోజులు స్లోగా ఉంటే టెన్షన్ పడకండి, ఫైళ్ల ఇండెక్సింగ్ (వెతికితే త్వరగా దొరికేలా జాబితా వేసుకోవడం), మిగిలిన అప్‌డేట్లు వెనకాల నడుస్తుంటాయి. ఆ తర్వాతా అంతే ఉంటే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో స్టార్టప్ యాప్స్‌కి వెళ్లి, ఇంపాక్ట్ ‘హై’ అని ఉన్నవాటిలో అక్కర్లేనివి డిసేబుల్ చేయండి. యాప్ ఎక్కడికీ పోదు, పిలవకుండా రావడం మానేస్తుందంతే. యాంటీవైరస్, టచ్‌ప్యాడ్, సౌండ్‌వి మాత్రం ముట్టుకోవద్దు.

అయినా నత్తనడకేనా? అక్కడే పెర్ఫార్మెన్స్‌లో డిస్క్ చూడండి. హెచ్‌డీడీ (పాతరకం హార్డ్ డిస్క్) అని ఉండి, వాడకం ఎంతసేపటికీ 100 శాతం దగ్గరే ఉంటే ఇక సెట్టింగులతో కుస్తీ అనవసరం. డేటా బ్యాకప్ తీసుకుని, దాని బదులు చాలా వేగంగా పనిచేసే ఎస్‌ఎస్‌డీ డ్రైవ్ వేయించుకోండి. ర్యామ్ సంగతి తర్వాత.