ఇటలీ మూలాలు వెతకాలంటే ముందు ఊరు పట్టుకోండి

మన వైజాగ్ పిల్లలు అమెరికాలో సెటిలై అక్కడి వాళ్ళనే పెళ్ళి చేసుకోవడం ఇప్పుడు మామూలే, ఇటలీ మూలాలున్న ఇళ్ళతో వియ్యం అందుకున్నవాళ్ళూ ఉన్నారు. మా అక్క కోడలు కూడా అలాంటి ఇంటి పిల్లే, న్యూజెర్సీ. ముత్తాత ఇటలీ నుంచి ఓడెక్కి వచ్చాడు అన్నంత వరకే వాళ్ళకి తెలుసు. మనవడు పుట్టాక అక్క అడిగింది, ఒరే మన వైపు తాతముత్తాతల పేర్లన్నీ రాసుకున్నాం కదా, ఆ పిల్ల వైపు కూడా రాసిపెట్టరా, బాబుకి రెండు వైపులా తెలియాలి అని. అలా మొదలెట్టాను. ఎంవీపీ కాలనీలో ఇంట్లో కూర్చునే చాలా దూరం వెళ్ళొచ్చు, రికార్డులు చాలామటుకు ఫ్రీగా ఆన్‌లైన్‌లోనే ఉన్నాయి. ఇంకెవరికైనా పనికొస్తుందని పద్ధతి రాస్తున్నా.

ఏటంటే, పేరు కొట్టి వెతకడం మొదలెట్టకండి. ఇటలీలో దాదాపు 7,900 కొమూనెలు ఉన్నాయి (కొమూనె అంటే మన మున్సిపాలిటీ, పంచాయతీ లాంటిది), జనన మరణాల పుస్తకాలు దేనికదే, ఒకే పేరున్న జుసెప్పెలు ఒక్క ఊళ్ళోనే పదిమంది దొరుకుతారు. ఊరు తెలిస్తే సగం పని అయిపోయినట్టే. ఇంట్లో వాళ్ళు "నేపుల్స్ నుంచి వచ్చాం" అంటే దాన్ని పట్టుకుని వేలాడకండి, అది ఓడెక్కిన రేవు అయ్యుండొచ్చు.

ఊరి పేరు అమెరికా కాగితాల్లోనే దొరుకుతుంది. 1906 సెప్టెంబర్ తర్వాత పౌరసత్వానికి పెట్టుకున్న అర్జీల్లో పుట్టిన ఊరు రాయించుకునేవారు. ఓడ ప్రయాణికుల జాబితాల్లో 1907 నుంచి పుట్టిన ఊరు, అక్కడ ఉండిపోయిన దగ్గరి బంధువు పేరు కూడా ఉంటాయి. న్యూయార్క్ రేవులో వలస వచ్చినవాళ్ళని తనిఖీ చేసే ఎల్లిస్ ఐలండ్‌లో ఆఫీసర్లు పేర్లు మార్చేశారని చాలామంది చెప్తారు కదా, దాన్ని నమ్మి మారిన పేరుతో వెతికితే దొరకదు, ఆ జాబితాలు ఓడ బయల్దేరిన రేవులోనే రాసేవాళ్ళు కాబట్టి ఇటాలియన్ స్పెల్లింగ్‌తోనే వెతకండి. ఇంకో ముఖ్యమైన సంగతి, ఇటలీలో ఆడవాళ్ళకి పెళ్ళయ్యాక కూడా రికార్డుల్లో పుట్టింటి ఇంటిపేరే ఉంటుంది, ఓడ జాబితాలో ముత్తవ్వ కనిపించకపోతే ఆ పేరుతో చూడండి. మనకి ఇది చాలా మేలు చేస్తుంది, ఎందుకంటే అమ్మ, అమ్మమ్మ వైపు కూడా పోకుండా దొరుకుతుంది.

ఊరు దొరికాక అది ఏ జిల్లా కిందకి వస్తుందో చూస్కోండి, అప్పటిది వేరు ఇప్పటిది వేరు. మనకి 1979లో విజయనగరం, 2022లో అనకాపల్లి విడిపోయాయి కదా, అక్కడా అంతే, పెస్కారా, మతేరా ప్రావిన్సులు 1927లో వచ్చాయి, ఇసెర్నియా 1970లో వచ్చింది. పాత కాగితంలో కాంపొబాస్సో అని ఉన్న ఊరు ఇప్పుడు ఇసెర్నియాలో ఉండొచ్చు. ఇంకా పాత కాగితాల్లో, అంటే 1861 ముందువాటిలో, సార్డీనియా అని ఉంటే ద్వీపం అనుకోకండి, టూరిన్ రాజధానిగా ఉన్న సార్డీనియా రాజ్యం అయ్యుండొచ్చు, పీడ్‌మాంట్, జెనోవా, సవోయ్ అన్నీ దాని కిందే ఉండేవి. 1846లో మన విశాఖ వచ్చిన ఫ్రాన్సిస్ డి సేల్స్ సభ ఫాదర్లు కూడా ఆ సవోయ్ నుంచే వచ్చారు, వాళ్ళు వచ్చేసరికి అది ఆ రాజ్యంలోనే ఉంది, ఫ్రాన్స్‌లో కలిసింది 1860లో.

ఇక సివిల్ రికార్డులు, అంటే చర్చి కాకుండా ప్రభుత్వం రాయించే జనన, పెళ్ళి, మరణ పుస్తకాలు. నెపోలియన్ కాలంలో మొదలయ్యాయి. నేపుల్స్ వైపు దక్షిణంలో 1809 నుంచి, సిసిలీలో 1820 నుంచి ఆగకుండా ఉన్నాయి. ఉత్తరాన చాలా చోట్ల నెపోలియన్ పోయాక ఆగిపోయి, దేశం ఒకటయ్యాక 1866లో మళ్ళీ మొదలయ్యాయి, వెనెటో, రోమ్ వైపు 1871. అందుకే దక్షిణాది కుటుంబమైతే పని సుఖం, ఉత్తరమైతే తొందరగా చర్చి పుస్తకాల్లోకి దిగాలి. ప్రతి పుస్తకం రెండు కాపీలు రాసేవాళ్ళు, ఒకటి కొమూనెలో ఉండిపోయేది, రెండోది కోర్టుకి వెళ్ళి తర్వాత ఆర్కీవియో ది స్టాటోకి, అంటే ప్రభుత్వ ఆర్కైవ్స్‌కి చేరేది. ఆ రెండో కాపీలే ఆంటెనాటి అనే ఇటలీ ప్రభుత్వ పోర్టల్లో ఫోటోలుగా పెట్టారు. అందులో లేని ఊళ్ళు కొన్ని ఫ్యామిలీసెర్చ్ అనే వెబ్‌సైట్‌లో ఉంటాయి, అకౌంట్ ఫ్రీ, కాకపోతే కొన్ని పుస్తకాలు ఇంటి నుంచి తెరుచుకోవు.

ఆంటెనాటిలో ముందు ఆర్కైవ్, తర్వాత కాలం, తర్వాత ఊరు, సంవత్సరం, పుస్తకం. నాతి అంటే జననాలు, మాత్రిమోని పెళ్ళిళ్ళు, మోర్తి మరణాలు. పేరుతో వెతికే సౌకర్యం కొన్ని ఊళ్ళకే ఉంది, మిగతావాటికి పుస్తకం చివర ఉండే ఇండెక్స్ చూడాలి, 1866 తర్వాత పదేళ్ళకోసారి వేసిన ఇండెక్స్ కూడా ఉంటుంది, అది దొరికితే వదలకండి. కొన్ని పాత ఇండెక్స్‌లు ఇంటిపేరుతో కాకుండా సొంత పేరుతో ఉంటాయి, పేరు లేదని పుస్తకం మూసేసే ముందు అదొకసారి చూడండి.

చేతిరాత చూసి భయపడొద్దు. చాలా పుస్తకాలు అచ్చు ఫారాలే, ఖాళీల్లో మాత్రం చేత్తో నింపేవాళ్ళు, ఒకే గుమస్తా రాతలో ఇరవై పేజీలు వరసగా చదివితే ఇరవై ఒకటోది దానంతట అదే అర్థమవుతుంది. తేదీలు అక్షరాల్లో రాస్తారు. నెల దగ్గర 7 అంకె వేసి పక్కన బ్రె అని ఉంటే అది సెప్టెంబర్, 8 అక్టోబర్, 9 నవంబర్, రోమన్ పది డిసెంబర్. తండ్రి పేరు ముందు ఫు అని ఉంటే ఆయన అప్పటికే చనిపోయాడని, ది అని ఉంటే బతికున్నాడని. ఈ చిన్న గుర్తు చాలా విలువైనది, మరణం ఏ సంవత్సరాల మధ్య వెతకాలో దీంతోనే తెలుస్తుంది. జననం పేజీ అంచున తర్వాతెప్పుడో రాసిన నోట్ ఉంటే అది సాధారణంగా పెళ్ళి వివరం. పేర్లు పెట్టే ఆచారం కూడా దారి చూపిస్తుంది, మనలాగే పెద్ద కొడుక్కి నాన్న తండ్రి పేరు, రెండోవాడికి అమ్మ తండ్రి పేరు, ఆడపిల్లలకి అదే వరసలో నానమ్మ, అమ్మమ్మ పేర్లు. ఇది ఆధారం కాదు, ఊహ మాత్రమే, పేజీ దొరికాకే రాసుకోండి.

నన్నడిగితే అన్నిటికన్నా పెద్ద నిధి అల్లెగాతి. దక్షిణంలో పెళ్ళి చేసుకోవాలంటే ఆఫీసులో కాగితాల కట్ట ఇవ్వాలి, వధూవరుల జనన నకళ్ళు, తల్లిదండ్రులు పోయుంటే వాళ్ళ మరణ నకళ్ళు, తండ్రి లేకపోతే తాతగారి అనుమతి, ఆయన కూడా పోయుంటే ఆయన మరణ నకలు. అదంతా ఆ పెళ్ళి నంబరు కింద కట్టగా ఉంటుంది. 1825లో జరిగిన ఒక్క పెళ్ళి కట్టలో 1740ల్లో పుట్టిన తాత పేరు రావచ్చు, సివిల్ రికార్డులే లేని కాలం అది, ఎందుకంటే పాత జననాలకి చర్చి పుస్తకం నుంచి నకలు రాయించి తెచ్చేవాళ్ళు. అందుకే జననం నుంచి జననానికి దూకకండి, పెళ్ళి పట్టుకోండి, కట్ట మొత్తం చదవండి, అక్కడి నుంచి పై తరం పెళ్ళికి వెళ్ళండి.

దానికి ముందు కాలానికి చర్చే దిక్కు. 1563లో క్యాథలిక్ చర్చి ట్రెంట్ మహాసభ ప్రతి విచారణలో (అంటే ఒక్కో ఫాదర్ కింద ఉండే చర్చి పరిధిలో) జ్ఞానస్నానాలు, పెళ్ళిళ్ళు రాయాలని ఆజ్ఞ ఇచ్చింది, 1614 నుంచి మరణాలు, ఇంటింటి జాబితాలు కూడా చేరాయి. మన దగ్గర క్యాథలిక్ ఇళ్ళల్లో బాప్టిజం సర్టిఫికెట్ చూసినవాళ్ళకి ఆ పద్ధతి కొత్తేమీ కాదు, బిడ్డ, తల్లిదండ్రులు, జ్ఞాన తల్లిదండ్రులు, ఫాదర్ పేరు, అంతే, కాకపోతే అక్కడ లాటిన్‌లో ఉంటుంది, జుసెప్పె కాస్తా జోసెఫుస్, లుయీజి కాస్తా అలోయిసియుస్ అయిపోతాడు. ఇంటింటి జాబితా దొరికితే ఒక గడపలో ఎవరెవరున్నారో వయసులతో సహా కనిపిస్తుంది. ఇంకోటి, మేనరికాలు మనకేనా అనుకుంటాం గానీ అక్కడి పల్లెల్లోనూ దగ్గరి చుట్టాల పెళ్ళిళ్ళు జరిగేవి, దానికి చర్చి ప్రత్యేక అనుమతి కావాలి, ఆ అర్జీతో పాటు ఇద్దరూ ఎలా చుట్టాలో చిన్న వంశవృక్షం గీసి పెట్టేవాళ్ళు. అవి మేత్రాసనం, అంటే బిషప్ ఆఫీసు, ఆర్కైవ్‌లో ఉంటాయి. తరాలు తరాలు ఒకే కాగితం మీద!

ఆన్‌లైన్‌లో లేనివాటికి కొమూనెలో జనన మరణాలు చూసే స్టాటో చివీలె ఆఫీసుకి మెయిల్ పెట్టండి, ఇటాలియన్‌లోనే, చిన్నగా, పూర్తి పేరు, తండ్రి పేరు, తల్లి పుట్టింటి పేరు, సుమారు సంవత్సరం, మీకు ఆయన ఏమవుతారో. 70 ఏళ్ళు దాటిన రికార్డుకి పూర్తి నకలు అడగొచ్చు, ఊళ్ళో ఉండేవాళ్ళ లెక్క రాసే అనాగ్రఫె విభాగంలో పాత కుటుంబ జాబితా ఉందేమో కూడా అదే మెయిల్లో అడగండి. ఒకేసారి పదిమంది గురించి అడగొద్దు, ఒకరు లేదా ఇద్దరు. ఫాదర్‌కి రాసేటప్పుడు ఇంకా మర్యాదగా రాయండి, ఆయనకి ఈ పని డ్యూటీ కాదు, తీరిక చూసుకుని చేసే సాయం. ఫోన్ చేయాలంటే అక్కడ ఉదయం తొమ్మిదంటే మనకి ఎండాకాలంలో మధ్యాహ్నం పన్నెండున్నర, చలికాలంలో ఒకటిన్నర. పౌరసత్వం కోసం వెతికేవాళ్ళు మాత్రం 2025లో మారిన చట్టం చదువుకోండి, ఇప్పుడు సాధారణంగా తల్లిదండ్రులు లేదా తాత, అమ్మమ్మల తరం దాకానే లెక్క, ముత్తాతతో అవ్వడం కష్టం.

దొరికిన ప్రతి పేజీకీ ఊరు, సంవత్సరం, పుస్తకం, రికార్డు నంబరు, లింకు అప్పటికప్పుడు రాసుకోండి, ఫోటో కూడా డౌన్‌లోడ్ చేసుకోండి, తర్వాత కొమూనె నుంచి నకలు తెప్పించాలంటే వాళ్ళు మొదట అడిగేది ఆ నంబరే.