మెదడువాపు తగ్గాక మిగిలిపోయే ఇబ్బందులు: లక్షణం, కారణం, ఇంట్లో చేయాల్సింది

మెదడువాపు నుంచి బయటపడి ఇంటికొచ్చిన మనిషి నడుస్తారు, తింటారు, పలకరిస్తే నవ్వుతారు. చూసినవాళ్ళంతా "ఇంకేం, బాగైపోయారుగా" అంటారు. ఇంట్లోవాళ్ళకు అసలు కష్టం అక్కడే మొదలవుతుంది.

హెర్పిస్ సింప్లెక్స్ వైరస్ వల్ల వచ్చే మెదడువాపునే తీసుకుందాం. చికిత్స అందకపోతే పదిమందిలో ఏడుగురి దాకా చనిపోయే జబ్బు ఇది. వైరస్‌ను అణిచే ఎసైక్లోవిర్ మందును రెండు మూడు వారాలు నరానికి ఎక్కించి ప్రాణం నిలబెడతారు. అయితే ఈ వైరస్ ఎక్కువగా దెబ్బతీసేది చెవుల పైన, లోపలగా ఉండే టెంపొరల్ లోబ్‌లను, నుదుటి వెనక అడుగు భాగాన్ని. కొత్త సంగతులు దాచుకోవాలన్నా, కోపాన్ని పట్టి ఉంచుకోవాలన్నా ఆ భాగాలే కావాలి. బద్ధకం, మొండితనం అని తిట్టేముందు ఈ ఒక్క సంగతి గుర్తుచేసుకోండి.

అడిగిందే మళ్ళీ మళ్ళీ అడుగుతున్నారు

కారణం: టెంపొరల్ లోబ్ లోపల కొత్త జ్ఞాపకాలను దాచే హిప్పోకాంపస్ అనే భాగం దెబ్బతింది. చాలామందికి తమ పెళ్ళినాటి కబుర్లు గుర్తుంటాయి, పొద్దున తిన్న ఇడ్లీ గుర్తుండదు.

చేయాల్సింది: "ఇందాకే చెప్పానుగా" అనే మాట మానేయండి. అది వాళ్ళకు సిగ్గే తప్ప జ్ఞాపకం తెచ్చిపెట్టదు. హాల్లో ఒక తెల్లబోర్డు పెట్టి తేదీ, వారం, ఎవరు ఎక్కడికెళ్ళారు, ఎన్నింటికొస్తారు అన్నవి రాయండి. అడిగిన ప్రతిసారీ నోటితో జవాబు చెప్పకుండా బోర్డు దగ్గరికి తీసుకెళ్ళి చదివించండి. అలవాటు మీద నేర్చుకునే శక్తి మెదడులో వేరే చోట ఉంటుంది, చాలామందిలో అది మిగిలే ఉంటుంది. అందుకే నెమ్మదిగా తామే వెళ్ళి బోర్డు చూసుకోవడం మొదలుపెడతారు.

కొత్తది నేర్పేటప్పుడు "ఊహించి చెప్పండి" అనకూడదు. తప్పు చెబితే ఆ తప్పే పాతుకుపోతుంది. సరైన జవాబు మీరే ముందు చెప్పి, వాళ్ళ చేత అనిపించి, అర నిమిషానికి, రెండు నిమిషాలకు, పది నిమిషాలకు మళ్ళీ అనిపించండి.

ఇక చుట్టాలు. వస్తూనే "నేనెవరో చెప్పు చూద్దాం" అని పరీక్ష పెడతారు. ఆ క్షణంలో ఆ మనిషి మొహం ఎలా వాడిపోతుందో దగ్గరుండి చూసినవాళ్ళకే తెలుసు. ముందుగానే గుమ్మం దగ్గర చెప్పండి: "లోపలికెళ్ళగానే మీ పేరు, వరస మీరే చెప్పండి పిన్నీ."

జరగనిది జరిగినట్టు చెబుతున్నారు

ఇది అబద్ధం కాదు. జ్ఞాపకంలో ఖాళీ ఉన్నచోట మెదడు ఏదో ఒకటి నింపుతుంది, వాళ్ళు దాన్నే నమ్ముతారు. వాదించకండి. డబ్బు, మాత్రల విషయమైతే మాత్రం సరిచూసుకోండి. రోజువారీ గళ్ళున్న మాత్రల డబ్బా వాడండి, యూపీఐ లిమిట్ తగ్గించండి.

పని మొదలుపెట్టరు, పెట్టినా మధ్యలో వదిలేస్తారు

కారణం: ఒక పనిని వరసగా అడుగులుగా విడదీసుకునే శక్తి తగ్గింది. "టీ పెట్టండి" అంటే కదలని మనిషే, స్టవ్ పక్కన కాగితం అంటిస్తే చక్కగా పెట్టగలుగుతారు: గిన్నెలో నీళ్ళు, స్టవ్ వెలిగించాలి, పొడి, పాలు, పంచదార, స్టవ్ ఆపాలి, సిలిండర్ దగ్గర రెగ్యులేటర్ కట్టేయాలి. చివరి రెండూ ఎర్ర ఇంకుతో రాయండి. కొన్నాళ్ళపాటు ఎవరో ఒకరు పక్కన ఉండాలి.

సాయంత్రానికి చిరాకు, అరుపులు

ఎక్కువసార్లు కారణం అలసట. టీవీ, కుక్కర్ విజిల్, నలుగురి మాటలు ఒకేసారి వస్తే దెబ్బతిన్న మెదడు వడపోసుకోలేదు. కష్టమైన పనులు పొద్దున పెట్టుకోండి, మధ్యాహ్నం చీకటిగదిలో కాసేపు పడుకోనివ్వండి. పెళ్ళికి తీసుకెళితే భోజనం చేయించి వచ్చేయండి.

అయినా తగ్గకపోతే మందుల చీటీ చూడండి. ఫిట్స్ రాకుండా ఇచ్చే లెవెటిరాసెటామ్ కొందరిలో కోపం పెంచుతుంది, టోపిరామేట్ వల్ల మాటలు తడుముకుంటారు. డాక్టర్‌కి చెబితే మారుస్తారు. సొంతంగా ఆపితే ఫిట్స్ రావచ్చు. బీ12, థైరాయిడ్ పరీక్షలు కూడా చేయించమని అడగండి. డిప్రెషన్‌నూ మరవద్దు, అది తగ్గితే మతిమరుపు కూడా కొంత తగ్గుతుంది. చూసుకునేవాళ్ళకైనా సరే, మనసు బాగోకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయవచ్చు.

కోలుకుంటున్నవాళ్ళు ఉన్నట్టుండి మారిపోయారు

దీనికి ఇంట్లో చేయాల్సింది ఏమీ లేదు, అదే రోజు న్యూరాలజిస్ట్ దగ్గరికి వెళ్ళండి. హెర్పిస్ మెదడువాపు తగ్గిన కొన్ని వారాలకు, నెలలకు కొందరిలో శరీరమే సొంత మెదడు మీద యాంటీబాడీలు తయారుచేస్తుంది. కొత్తగా భ్రమలు, వింత కదలికలు, నిద్రలేమి కనిపిస్తాయి. దానికి స్టెరాయిడ్లు, ఇమ్యునోగ్లోబ్యులిన్ లాంటి వేరే వైద్యం ఉంది. శూన్యంలోకి చూస్తూ నోరు చప్పరించడం కూడా ఫిట్సే కావచ్చు. ఫోన్‌లో వీడియో తీసి చూపించండి.

ఆఫీసులో పని కుదరడం లేదు

కంగారుపడి రాజీనామా రాయించకండి. ముందు జ్ఞాపకం, ఏకాగ్రత, ఆలోచనాశక్తి ఎంతున్నాయో కొలిచే న్యూరోసైకాలజీ పరీక్ష చేయించండి, బెంగళూరు నిమ్‌హాన్స్‌లో చేస్తారు. స్కానింగ్‌లో తెలియని లోపాలు అందులో బయటపడతాయి. ప్రభుత్వ ఉద్యోగి అయితే 2016 దివ్యాంగుల హక్కుల చట్టం సెక్షన్ 20(4) అండగా ఉంది: సర్వీసులో ఉండగా వైకల్యం వస్తే తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు, ఆ పోస్టు చేయలేకపోతే అదే పే స్కేల్‌తో వేరే పోస్టుకు మార్చాలి. ఆ సెక్షన్ నంబరు వేసి, రిపోర్టు జతచేసి అర్జీ ఇవ్వండి, అందినట్టు సంతకం తీసుకోండి.