వీడియో ఆగాగి వస్తోందా? ముందు నెట్‌ని తిట్టకండి

నరసరావుపేటలో కంప్యూటర్లు బాగుచేసే షాపు నాది. లాప్‌టాప్ బల్ల మీద పెడుతూనే "నెట్ స్లో అండీ, వీడియోలు ఆగిపోతున్నాయి" అంటారు. నెట్ ప్లాన్ కూడా అప్పటికే మార్చేసి వస్తారు కొందరు. డబ్బు పెట్టేముందు అసలు తేడా ఎక్కడుందో చూసుకోవడం మేలు.

ఆగిపోవడంలో రకాలున్నాయి. గుండ్రం తిరుగుతూ మాట, బొమ్మ రెండూ ఆగిపోతే ఒక లెక్క. మాట సాఫీగా వస్తూ బొమ్మ మాత్రం ఎగిరెగిరి పడుతుంటే ఇంకో లెక్క. యూట్యూబ్‌లో అయితే ఏది ఏదో తేల్చుకోవడం తేలిక. నడుస్తున్న వీడియో మీద మౌస్ రైట్ క్లిక్ చేసి, చివర్లో ఉండే "స్టాట్స్ ఫర్ నెర్డ్స్" నొక్కండి. మూలన ఒక నల్ల పెట్టె తెరుచుకుంటుంది. అందులో చాలా లైన్లుంటాయి గానీ మనకు మూడు చాలు.

మొదటిది "బఫర్ హెల్త్". ముందుగా ఎన్ని సెకన్ల వీడియో దిగి ఉందో చెబుతుంది. ఇది మేడ మీద ట్యాంకులో నీళ్ల లాంటిది. అది సున్నాకి పడిపోయినప్పుడల్లా వీడియో ఆగుతోందంటే నెట్ చాలడం లేదు. రెండోది "ఫ్రేమ్స్" లైన్లో "డ్రాప్డ్" అనే అంకె, అంటే చూపించకుండా వదిలేసిన బొమ్మల లెక్క. బఫర్ నిండుగా ఉండి, ఈ అంకె మాత్రం చకచకా పెరుగుతోందంటే నెట్ తప్పేమీ లేదు, కంప్యూటరే అందుకోలేకపోతోంది. మూడోది "కోడెక్స్". వీడియోని ఏ పద్ధతిలో కుదించారో చెప్పే లైను అది, దాని సంగతి కాసేపట్లో చెబుతాను.

నెట్ వైపు పెద్దగా చెప్పేదేం లేదు. యూట్యూబ్ చెప్పే లెక్క ప్రకారం 720పీకి 2.5 ఎంబీపీఎస్ వేగం, 1080పీకి 5, 4కేకి 20 చాలు. ప్లాన్‌లో 100 ఉన్నా పడకగదికి 3 కూడా రావడం లేదంటే మధ్యలో గోడలున్నాయని అర్థం. రూటర్ పక్కన కూర్చుని ఒకసారి చూడండి, వీలైతే ల్యాన్ కేబుల్ పెట్టి చూడండి. అక్కడ బాగా వస్తే ప్లాన్ మార్చి ప్రయోజనం లేదు, రూటర్ చోటు మార్చాలి. దగ్గర్లో ఉన్నప్పుడు 5 గిగాహెర్ట్జ్ వైఫై, దూరానికి 2.4. లైవ్‌లు మాత్రం మంచి నెట్‌లోనూ తడబడతాయి, ఎందుకంటే ముందుగా దింపుకోవడానికి అక్కడ సరుకే ఉండదు. తిరుమల కల్యాణోత్సవం లైవ్ మాటిమాటికీ ఆగుతుంటే ఒక అర నిమిషం వెనక్కి జరిపి చూడండి. స్వామివారు అర నిమిషం ఆలస్యంగా కనిపించినా పుణ్యం తగ్గదు.

ఇక కంప్యూటర్ వైపు. మొన్నామధ్య ఒక లెక్చరర్ మేడమ్ తన పాత లాప్‌టాప్ తెచ్చారు. ప్రాసెసర్ నాలుగో తరం ఇంటెల్ ఐ3. ఎన్‌పీటెల్ (ఐఐటీల ఆన్‌లైన్) పాఠాలు చూస్తుంటే ఫ్యాన్ హోరెత్తిపోతోంది, బోర్డు మీద రాసే చెయ్యి గెంతుతూ కనిపిస్తోంది. "నెట్ వాళ్లని అడిగితే అంతా బాగానే ఉందంటున్నారండీ" అన్నారు. వాళ్లు చెప్పింది నిజమే. బఫర్ నిండుగా ఉంది. కోడెక్స్ లైన్లో "వీపీ09" అని ఉంది. అసలు చిక్కు అక్కడే ఉంది.

వీడియోని చిన్నదిగా కుదించి పంపడానికి యూట్యూబ్ వాడే పద్ధతులు ముఖ్యంగా మూడు. "ఏవీసీ1" అంటే పాత హెచ్.264, దాన్ని విప్పే ఏర్పాటు పాత చిప్‌లలోనూ ఉంటుంది. "వీపీ09"ని పూర్తిగా విప్పే ఏర్పాటు ఇంటెల్‌లో ఏడో తరం నుంచి, "ఏవీ01"ది పదకొండో తరం నుంచి వచ్చింది. అంతకన్నా పాతదైతే ఆ బరువంతా ప్రాసెసర్ మీద పడుతుంది. అందుకే ఆ ఫ్యాన్ హోరు.

దీనికి తేలికైన మందు, క్వాలిటీని 480పీకి దించడం. పాఠాలకు అది సరిపోతుంది. అలా వద్దనుకుంటే ఫైర్‌ఫాక్స్‌లో "ఎన్‌హాన్స్‌డ్ హెచ్264ఐఫై" అనే ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కి తగిలించే చిన్న అదనపు ప్రోగ్రామ్) వేసుకోండి. అది యూట్యూబ్‌ని పాత పద్ధతిలోనే పంపమంటుంది. 1080పీ దాటి రాదు గానీ, ఆ లాప్‌టాప్ తెరకి అంతకు మించి ఏం కావాలి? మేడమ్‌కి అదే వేసిచ్చాను. ఫ్యాన్ శాంతించింది.

క్రోమ్ సెట్టింగ్స్‌లో "సిస్టమ్" కింద "గ్రాఫిక్స్ యాక్సిలరేషన్" స్విచ్ ఉంటుంది, వీడియో పనిని గ్రాఫిక్స్ చిప్‌కి అప్పగించేది అదే. మామూలుగా అది ఆన్‌లోనే ఉండాలి. మాట వినిపిస్తూ తెర ఆకుపచ్చగానో నల్లగానో మారితే మాత్రం ఒకసారి ఆపి, క్రోమ్ మూసి తెరవండి. బాగుపడితే తేడా ఆ చిప్‌ని నడిపించే సాఫ్ట్‌వేర్, అంటే గ్రాఫిక్స్ డ్రైవర్‌లో ఉన్నట్టు. డ్రైవర్ అప్‌డేట్ చేసి స్విచ్ మళ్లీ ఆన్ చేయండి. అలాగే ఆపి వదిలేస్తే పని మొత్తం మళ్లీ ప్రాసెసర్ నెత్తినే పడుతుంది.

ఒక్క సైటులోనే వీడియో రాకపోతే క్రోమ్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎన్ కలిపి నొక్కి ఇన్‌కాగ్నిటోలో చూడండి. మనం ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప ఎక్స్‌టెన్షన్లు అందులో పనిచేయవు, సైట్లు మన కంప్యూటర్లో దాచుకునే చిన్న గుర్తులు, అంటే పాత కుకీలూ ఉండవు. అక్కడ ఆడితే దొంగ ఆ రెండింట్లో ఒకటి. ఎక్స్‌టెన్షన్లు ఒక్కొక్కటే ఆపుతూ రండి, యాడ్ బ్లాకర్‌తో మొదలుపెట్టండి. అప్పటికీ దొరక్కపోతే అడ్రస్ పక్కనున్న గుర్తు నొక్కి ఆ ఒక్క సైటు కుకీలే తీసేయండి. "అన్నీ క్లియర్ చేసెయ్" అనే సలహా నాకు నచ్చదు. దాని తర్వాత ప్రతి సైటులోనూ మళ్లీ లాగిన్, మళ్లీ ఓటీపీ. పాస్‌వర్డ్ గుర్తులేని పెద్దవాళ్లకి అదొక టెన్షన్.

ఓటీటీ సినిమా నల్లగా కనిపిస్తే పక్కన స్క్రీన్ రికార్డింగ్ గానీ, స్క్రీన్ షేరింగ్ గానీ నడుస్తోందేమో చూడండి. కాపీ చేయకుండా వాళ్లు పెట్టుకున్న కట్టడి అది, చెడిపోవడం కాదు. పాత ప్రొజెక్టర్‌కి కలిపినా అలాగే జరగొచ్చు. ఫైర్‌ఫాక్స్ వాడేవాళ్లు సెట్టింగ్స్‌లో "ప్లే డీఆర్ఎమ్ కంట్రోల్డ్ కంటెంట్" (కాపీ కట్టడి ఉన్న వీడియోలు ఆడనివ్వడం) దగ్గర టిక్ ఉందో లేదో చూసుకోవాలి.

వీడియోలే కాదు, ఏ సైటూ తెరుచుకోకుండా "యువర్ క్లాక్ ఈజ్ బిహైండ్" అని వస్తోందా? కింద మూలన తేదీ చూడండి, ఎప్పటిదో పాత సంవత్సరం కనిపిస్తుంది. తేదీ సరిచేస్తే సైట్లు వస్తాయి. కరెంటు తీసి పెట్టినప్పుడల్లా మళ్లీ వెనక్కి పోతుంటే మదర్‌బోర్డు మీద గుండ్రటి సీఆర్2032 బ్యాటరీ అయిపోయింది. డెస్క్‌టాప్‌లో మీరే మార్చుకోవచ్చు. ప్లగ్ పీకేసి, రాతలున్న వైపు పైకి ఉండేలా పెట్టండి.

బొమ్మ ఉండి సౌండ్ లేకపోతే ట్యాబ్ మీద రైట్ క్లిక్ చేయండి, "అన్‌మ్యూట్ సైట్" అని కనిపిస్తే నొక్కండి. హెచ్‌డీఎంఐతో టీవీకి కలిపి ఉంటే సౌండ్ అటు పోతూ ఉంటుంది. టాస్క్‌బార్‌లో స్పీకర్ గుర్తు నొక్కి మీ స్పీకర్లు ఎంచుకోండి.

విండోస్ 7 వాడేవాళ్లకి ఒక మాట. క్రోమ్ ఆ విండోస్‌కి 2023 జనవరిలో వచ్చిన 109వ వెర్షన్‌తోనే ఆగిపోయింది. కొత్త సైట్లు దాన్ని కాదంటుంటే ఎక్స్‌టెన్షన్లు, కుకీలు అంటూ తంటాలు పడినా లాభం లేదు. 4 జీబీ ర్యామ్, ఒక చిన్న ఎస్ఎస్‌డీ వేసి విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ ఎక్కిస్తే వీడియోల వరకు ఆ మిషన్ ఇంకొంత కాలం పనికొస్తుంది.