ఆగిన జీతం కోసం క్లెయిమ్ వేసి, ఫైలు మూలపడకుండా చూసుకోవడం ఎలా?

వరంగల్, హనుమకొండల్లో ఏజెన్సీల కింద పనిచేసే ఊడ్పు పనివాళ్లకు, సెక్యూరిటీ గార్డులకు బాగా తెలిసిన కష్టమిది. టెండరు మారుతుంది. పాత ఏజెన్సీ ‘బిల్లు రాలే’ అంటుంది, కొత్త ఏజెన్సీ ‘మాకేం సంబంధం’ అంటుంది. లేబర్ ఆఫీసుకు పోతే ‘వచ్చే వారం రాండ్రి’. తిరిగి తిరిగి చాలామంది ఆశ వదులుకుంటారు. అది చెమటోడ్చి సంపాదించిన సొమ్ము, వదలొద్దు.

ముందు ఆధారాలు. అపాయింట్‌మెంట్ కాగితం లేదని భయపడకండి. పీఎఫ్ పాస్‌బుక్‌లో ఏ నెల ఎవరు జమ చేశారో ఉంటుంది, బ్యాంకు స్టేట్‌మెంట్‌లో పాత జీతాలు ఉంటాయి. గేటు పాసు, హాజరు పుస్తకం ఫొటో, సూపర్‌వైజర్ వాట్సాప్ వాయిస్ కూడా దాచుకోండి. పైగా జీతం ఇచ్చేశామని నిరూపించాల్సిన బాధ్యత చట్టప్రకారం యజమానిదే.

తర్వాత లెక్క రాయండి. ‘మూడు నెలల జీతం రావాలి’ అంటే చాలదు. నెల, పనిచేసిన రోజులు, రావాల్సింది, ఇచ్చింది, బాకీ అని విడివిడిగా వేయండి. నెల జీతమైతే మరుసటి నెల 7వ తేదీలోపు ఇవ్వాలి, పని మాన్పిస్తే రెండు పనిదినాల్లో. ఆ తేదీలు పక్కనే రాయండి.

అసలు కిటుకు ఇక్కడుంది. మామూలు ఫిర్యాదు ఇస్తే రెండు పక్షాలనూ పిలిచి మాట్లాడిస్తారు, యజమాని రాకపోతే మళ్లీ వాయిదా. అందుకే వేతనాల కోడ్ (జీతాల గురించిన కొత్త కేంద్ర చట్టం) 45వ సెక్షన్ కింద క్లెయిమ్ అని దరఖాస్తు పైన స్పష్టంగా రాయండి. ఈ కోడ్ 2025 నవంబర్ 21 నుంచి అమల్లో ఉంది. దీని కింద అధికారి మూడు నెలల్లో తేల్చే ప్రయత్నం చేయాలి, బాకీకి పదిరెట్ల దాకా పరిహారం వేయొచ్చు. గడువు మూడేళ్లు. పాత చట్టాల్లో ఏడాది, ఆరు నెలలే ఉండేది కాబట్టి ఈ కోడ్ రాకముందటి బకాయిలకు ఆలస్యం చేయొద్దు. అందరూ కలిసి ఒకే దరఖాస్తు వేయొచ్చు, యూనియన్ అయినా వేయొచ్చు. సింగరేణి కాంట్రాక్టు కార్మికులు మాత్రం కేంద్ర లేబర్ కమిషనర్ కింది అధికారి దగ్గరికి పోవాలి.

ఏజెన్సీ ఒక్కదాన్నే కాదు, మీరు పనిచేసిన సంస్థను కూడా ప్రతివాదిగా చేర్చండి. కాంట్రాక్టర్ ఎగ్గొడితే ఆ బాధ్యత సంస్థ మీద పడుతుంది. చిరునామాలు జాగ్రత్త! ఏజెన్సీ హెడ్డాఫీసు హైదరాబాద్‌లో ఉండి, మీరు ఇక్కడి మూసేసిన గది అడ్రసు ఇచ్చారనుకోండి, నోటీసు తిరిగొస్తుంది, నెలలు కరిగిపోతాయి.

మీ దరఖాస్తు కాపీ మీద ఆఫీసు ముద్ర, తేదీ, ఇన్‌వార్డు నంబరు (అందినట్టు వేసే నంబరు) లేకుండా కదలొద్దు. ప్రతి వాయిదాకీ హాజరై, తర్వాతి తేదీ రాయించుకోండి. అయినా కదలకపోతే పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టి, నోటీసులు ఏ తేదీల్లో పంపారు, వాయిదాలు ఎందుకు వేశారు అని అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. సోమవారం కలెక్టరేట్ ప్రజావాణిలో ఆ జవాబు జతచేసి అర్జీ ఇవ్వండి. ఉచిత వకీలు కోసం జిల్లా న్యాయసేవాధికార సంస్థను అడగండి, ఫోన్ 15100.

ఆర్డరు వచ్చాకా డబ్బు కట్టకపోతే, రికవరీ సర్టిఫికెట్ కలెక్టర్‌కు పంపమని రాతపూర్వకంగా కోరండి. భూమిశిస్తు బకాయిలా వసూలు చేస్తారు. మధ్యలో యజమాని కొంత ఇస్తానంటే తీసుకోండి, కానీ రసీదు మీద ‘ఫలానా నెల బాకీలో కొంత’ అని రాసే సంతకం పెట్టండి. ఖాళీ కాగితం మీద మాత్రం పెట్టొద్దు.